కోబెన్ఫీ మొదలుపెడుతున్నారా? స్కిజోఫ్రెనియా కొత్త మందును ఇంట్లో ఎలా వాడాలి, ఏం గమనించాలి

"స్కిజోఫ్రెనియాకు కొత్త మందు వచ్చిందట, వణుకు రాదట, ఒళ్లు రాదట, మావాడికి వాడవచ్చా?" అమెరికాలోని తెలుగు కుటుంబాలు, వారి మాట విని హైదరాబాదు నుంచీ విజయవాడ నుంచీ ఫోన్ చేసే బంధువులూ నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఇది. వారు అడుగుతున్నది కోబెన్ఫీ గురించి. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీన్ని పెద్దవారిలో స్కిజోఫ్రెనియా చికిత్సకు 2024 సెప్టెంబర్ 26న ఆమోదించింది. ఫార్మసిస్టుగా నేను చూసినంతలో, ఈ మందును మధ్యలో వదిలేసినవారిలో చాలామందికి ఇబ్బంది తెచ్చింది మందు ఒక్కటే కాదు, పాత మందుల అలవాట్లను దీనికీ వర్తింపజేయడం. తిన్నాక వేసుకోవడం, కాప్సూల్ విప్పి అన్నంలో కలపడం, పాత మాత్రను ఆ రోజే ఆపేయడం వంటివి ఇంట్లో మంచి మనసుతోనే జరుగుతాయి, కానీ ఈ మందు విషయంలో అవే దెబ్బతీస్తాయి. అందుకే మొదటి రోజుకు ముందు నుంచి రెండో నెల దాకా ఏం చేయాలో వరుసగా రాస్తున్నాను. మోతాదు నిర్ణయించేదీ మార్చేదీ మీ సైకియాట్రిస్టే. ఇందులో ఉన్నది ఆ నిర్ణయాన్ని ఇంట్లో సరిగ్గా అమలు చేసే పద్ధతి మాత్రమే.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- రోగి ప్రస్తుతం వాడుతున్న మందులన్నిటి జాబితా. చీటీ లేకుండా కొనే జలుబు మాత్రలు, నిద్ర మాత్రలు, ఇండియా నుంచి తెచ్చుకున్న స్ట్రిప్పులు కూడా ఇందులో ఉండాలి.
- ఇటీవలి రక్తపరీక్ష ఫలితాలు. కాలేయ ఎంజైములు, బిలిరుబిన్, మూత్రపిండాల పనితీరును తెలిపే ఈజీఎఫ్ఆర్ వాటిలో ఉన్నాయో లేదో చూసుకోండి.
- ఇంట్లో బీపీ చూసే యంత్రం, బరువు తూచే యంత్రం.
- ఒక నోటుబుక్కు. ఫోనులో రాసుకోవచ్చు గానీ, ఇంట్లో నలుగురికీ కనిపించేలా వంటింటి గూటిలో ఉండే పుస్తకం మేలు.
- డాక్టరు ఆఫీసు వేళలు ముగిసిన తర్వాత ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరు.

వీటన్నిటికంటే ముందు కావలసింది రోగి సమ్మతి. "నీకు కొత్త మందు ఇస్తున్నారు, ఇది ఇందుకు" అని ఎదురుగా కూర్చుని చెప్పండి. ఈ మందును దాచిపెట్టి ఇవ్వడానికి వీలే లేదు. ఆ సంగతి నాలుగో మెట్టులో వివరిస్తాను.

1. మందు ఏం చేస్తుందో నాలుగు ముక్కల్లో తెలుసుకోండి

1952లో ఫ్రాన్సులో క్లోర్‌ప్రోమజైన్‌తో మొదలుకొని నేటి రిస్పెరిడోన్, ఒలాంజపైన్, అరిపిప్రజోల్ వరకు స్కిజోఫ్రెనియా మందులన్నీ మెదడులో డోపమైన్ అనే రసాయనం అతుక్కునే గ్రాహకాల మీదనే పనిచేస్తూ వచ్చాయి. చేతులు వణకడం, ఒళ్లు బిగుసుకుపోవడం, కుదురుగా కూర్చోలేకపోవడం వంటి ఇబ్బందులకు మూలం చాలావరకు అక్కడే ఉంది. కోబెన్ఫీ డోపమైన్ గ్రాహకాల జోలికి నేరుగా వెళ్లదు. ఇందులోని జానోమెలిన్ మెదడులో ఎం1, ఎం4 అనే మస్కరినిక్ గ్రాహకాలను ప్రేరేపిస్తుంది.

జానోమెలిన్ కొత్తగా పుట్టిన మందు కాదు. 1990లలోనే దీన్ని అల్జీమర్స్ రోగులకు ఇచ్చి చూశారు. భ్రమలు, భ్రాంతులు తగ్గాయి గానీ వికారం, వాంతులు తట్టుకోలేక చాలామంది మానేశారు. అదే మందు కడుపులోని గ్రాహకాలను కూడా తట్టిలేపడమే దానికి కారణం. ఇప్పుడు దానికి ట్రోస్పియం అనే రెండో మందును జత చేశారు. మూత్రాశయం అదుపు తప్పినవారికి ఎంతోకాలంగా వాడుతున్న మందు ఇది. ఇది మెదడులోకి దాదాపుగా వెళ్లదు, కడుపులోనూ మిగతా శరీరంలోనూ ఉండి జానోమెలిన్ దెబ్బను అడ్డుకుంటుంది. ఒకటి పని చేసేది, రెండోది కాపు కాసేది. ఈ ఒక్క విషయం గుర్తుంటే కింది నియమాలలో సగం వాటంతటవే అర్థమవుతాయి.

2. మీ మనిషికి ఇది తగునో కాదో డాక్టరును పేరు పేరునా అడగండి

కింది వాటిలో ఏది ఉన్నా ఈ మందు ఇవ్వకూడదు: మూత్రం ఆగిపోయే సమస్య, కడుపులోంచి ఆహారం కిందికి దిగకుండా నిలిచిపోయే సమస్య, చికిత్స తీసుకోని నారో యాంగిల్ గ్లకోమా (కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు), మధ్యస్థంగా గానీ తీవ్రంగా గానీ దెబ్బతిన్న కాలేయం, ఈ రెండు మందులలో దేనికైనా గతంలో వచ్చిన అలర్జీ. కాలేయం స్వల్పంగా దెబ్బతిన్నవారికీ, ఈజీఎఫ్ఆర్ 60 కంటే తక్కువగా ఉన్నవారికీ, పిత్తాశయంలో రాళ్లతో నొప్పి పడుతున్నవారికీ దీన్ని సిఫారసు చేయరు.

మన ఇళ్లలో మధుమేహం, ప్రొస్టేట్ వాపు ఎంత మామూలో మీకు తెలుసు. ఆ రెండూ మూత్రం బిగుసుకుపోయే ముప్పును పెంచుతాయి. యాభై దాటిన మగవారి విషయంలో "రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు, ధార సన్నబడిందా, ముక్కవలసి వస్తోందా" అన్న మూడు ప్రశ్నలు మందు మొదలుకాక ముందే అడిగి, జవాబులు రాసి పెట్టుకోండి. తర్వాత పోల్చి చూడడానికి అవే ఆధారం. సిగ్గుపడి ఈ మాట దాటవేయడం నేను తరచుగా చూసే పొరపాటు.

మందుకు ముందు కాలేయ ఎంజైములు, బిలిరుబిన్, గుండె వేగం చూడాలని మందు సమాచార పత్రమే చెబుతోంది. ఆ పరీక్షలు జరగకుండా చీటీ చేతికి వస్తే, మర్యాదగానే అయినా గట్టిగా అడగండి. గర్భిణులు, గర్భం కోరుకుంటున్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి.

ఇతర మందులకు జబ్బు లొంగనప్పుడు ఇచ్చే క్లోజపైన్ మీద నిలదొక్కుకున్నవారి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కోబెన్ఫీ ఆమోదానికి ఆధారమైన పరీక్షలలోకి, ఇతర మందులకు లొంగని జబ్బు ఉన్నవారిని తీసుకోలేదు. కాబట్టి క్లోజపైన్‌కు బదులుగా దీన్ని వాడవచ్చు అనడానికి ఆ పరీక్షలు ఆధారం కావు. క్లోజపైన్ వల్ల మనిషి కుదుటపడి ఉంటే, కొత్తది వచ్చిందన్న ఒక్క కారణంతో దాన్ని కదిలించమని నేను ఎవరికీ చెప్పను.

3. పాత మందుల పెట్టె ఖాళీ చేసి బల్ల మీద పరవండి

ఈ మెట్టును తేలిగ్గా తీసుకోకండి. కొడుకును చూడడానికి గుంటూరు నుంచి వచ్చిన ఒక అమ్మ ఆరునెలలకు సరిపడా పాత మాత్రలను స్టీలు డబ్బాలో పెట్టుకుని వచ్చారు. కొత్త కాప్సూల్ మొదలైన నాలుగో రోజున, "వణుకు మళ్లీ వస్తుందేమో" అన్న భయంతో అందులోంచి వణుకు తగ్గించే ట్రైహెక్సీఫెనిడిల్ మాత్ర రోజూ ఒకటి ఇవ్వసాగారు. వారం తిరిగేసరికి ఆ అబ్బాయికి విరేచనం కావడం ఆగిపోయింది, నోరు పిడచగట్టుకుపోయింది, మూత్రానికి వెళ్లి పది నిమిషాలు నిలబడవలసి వచ్చింది. ఆమె తప్పు ఏమీ లేదు. ఏళ్ల తరబడి రిస్పెరిడోన్‌తో పాటు ఆ చిన్న తెల్ల మాత్ర వేయాలనే అందరూ ఆమెకు చెప్పారు.

ట్రైహెక్సీఫెనిడిల్ ఇక్కడ రెండు విధాలుగా చెడు చేస్తుంది. ట్రోస్పియం కూడా అదే కోవకు చెందిన మందు కాబట్టి రెండూ కలిసి మలబద్ధకాన్ని, మూత్రం బిగింపును పెంచుతాయి. అంతకంటే ముఖ్యం, ట్రైహెక్సీఫెనిడిల్ మెదడులోకి వెళ్లి, జానోమెలిన్ ఏ గ్రాహకాలను తెరవాలని చూస్తోందో వాటికే అడ్డుపడుతుంది. ఒక చేత్తో తలుపు తెరుస్తూ రెండో చేత్తో మూయడం లాంటిదే ఇది. అమెరికాలో ఇదే పనికి ఇచ్చే బెంజ్‌ట్రోపిన్‌కూ ఈ మాట వర్తిస్తుంది.

బల్ల మీద పరిచినవాటిలో ఇవి ఉన్నాయేమో వెతకండి:

- డైఫెన్‌హైడ్రమిన్ ఉన్న జలుబు, నిద్ర మాత్రలు, ప్రొమెథజైన్.
- డైసైక్లోమిన్ ఉన్న కడుపునొప్పి మాత్రలు. ఇండియా నుంచి వచ్చే ప్రతి సూట్‌కేసులోనూ ఇవి ఒక స్ట్రిప్పు ఉంటాయి. కోబెన్ఫీ వల్ల కడుపులో నొప్పి వస్తే చేయి మొదట వీటి మీదికే వెళుతుంది, అదే ప్రమాదం.
- అమిట్రిప్టిలిన్, మూత్రాశయానికి వాడే ఆక్సీబ్యూటినిన్, టోల్టెరోడిన్, సోలిఫెనాసిన్.
- ఫ్లుఆక్సెటిన్, పారోక్సెటిన్, బుప్రోపియాన్. ఇవి శరీరంలో జానోమెలిన్ త్వరగా కరగకుండా ఆపి, దాని మోతాదును పెంచినంత పని చేస్తాయి.

దేనినీ మీ అంతట మీరు ఆపవద్దు. జాబితాలో గీత గీసి డాక్టరుకు చూపించండి.

ఇక స్కిజోఫ్రెనియాకు ఇప్పటిదాకా వాడుతున్న పాత మాత్ర (యాంటీసైకోటిక్) సంగతి. దాన్ని ఎప్పటినుంచి, ఎంతెంత తగ్గించాలో తేదీలతో రాసి ఇమ్మని సైకియాట్రిస్టును అడగండి. "మెల్లగా తగ్గించండి" అన్న నోటిమాట సరిపోదు, ఎందుకంటే మెల్లగా అంటే తండ్రికి మూడు రోజులు, తల్లికి మూడు నెలలు. ఒలాంజపైన్, క్లోజపైన్ వంటివాటిని ఒక్కసారిగా ఆపితే జబ్బు తిరగబెట్టడమే కాక నిద్ర పట్టకపోవడం, వాంతులు, చెమటలు కూడా వస్తాయి, ఇంట్లోవాళ్లు వాటిని కొత్త మందు దుష్ప్రభావాలుగా పొరబడతారు. అలాగని రెండు మందులనూ ఏళ్ల తరబడి కలిపి వాడితే రెట్టింపు మేలు జరుగుతుందని కూడా అనుకోవద్దు. పాత మందుకు కోబెన్ఫీని జోడించి చూసిన ఎరైజ్ పరీక్ష ఫలితాలు 2025 ఏప్రిల్‌లో వచ్చాయి. జోడించినవారిలో కొంత మెరుగుదల కనిపించినా, ఉత్తుత్తి మందు (అసలు మందు లేని ప్లసీబో) తీసుకున్నవారితో పోల్చినప్పుడు ఆ తేడా గణాంకపరంగా నిలబడలేదు.

అమెరికాలో ఉన్నవారికి బీమా సంగతి ఒక్క ముక్క. విడుదలైనప్పుడు కంపెనీ ప్రకటించిన ధర నెలకు సుమారు 1,850 డాలర్లు. చాలా బీమా సంస్థలు ముందస్తు అనుమతి అడుగుతాయి, గతంలో ఏయే మందులు వాడి విఫలమయ్యారో చూపమంటాయి. పాత మందుల పేర్లు, వాడిన కాలం, మానడానికి కారణం ఒక కాగితం మీద రాసి డాక్టరు ఆఫీసుకు ఇస్తే వారాలు కలిసి వస్తాయి. అనుమతి చేతికి వచ్చే దాకా పాత మందు తగ్గించడం మొదలుపెట్టవద్దు.

4. వేళలు కుదుర్చుకోండి: అసలు కిటుకు ఇక్కడే ఉంది

కోబెన్ఫీని రోజుకు రెండుసార్లు, భోజనానికి కనీసం ఒక గంట ముందు గానీ, భోజనమైన కనీసం రెండు గంటల తర్వాత గానీ వేసుకోవాలి. మన మాటలో చెప్పాలంటే పరగడుపున. మన ఇళ్లలో ఏ మాత్రకైనా "ఏదైనా తిని వేసుకో, కడుపులో తిప్పుతుంది" అంటారు. ఇక్కడ జరిగేది సరిగ్గా దానికి వ్యతిరేకం. కడుపులో ఆహారం ఉంటే ట్రోస్పియం ఒంటికి పట్టేది చాలావరకు తగ్గిపోతుంది, జానోమెలిన్ మాత్రం తగ్గకుండా పడుతుంది. అంటే పని చేసేది వచ్చింది, కాపు కాసేది రాలేదు. వికారం తగ్గుతుందని ఇడ్లీ తినిపించి ఇచ్చిన కాప్సూలే వాంతికి దారితీస్తుంది.

తెలుగు ఇంటి దినచర్యకు సరిపోయే ఒక వరుస ఇది:

- ఉదయం 6:30కు కాప్సూల్, ఒక గ్లాసు మంచినీళ్లతో.
- 7:30 దాటాక కాఫీ, టిఫిను. పాలు పోసిన కాఫీని కూడా ఆహారంగానే లెక్కవేసుకోవడం క్షేమం. నిద్ర లేవగానే కాఫీ పడనిదే కదలనివారికి ఇది మొదటి వారం కష్టంగానే ఉంటుంది, వారితో పాటు మీరూ ఆ గంట ఆగండి.
- సాయంత్రం టీ, చిరుతిండి 4:30 లోపు ముగించాలి.
- 6:30కు రెండో కాప్సూల్.
- 7:30 తర్వాత రాత్రి భోజనం.

రాత్రి ఉద్యోగం చేసేవారూ, భోజనం త్వరగా ముగించేవారూ దీనికి బదులు రాత్రి 7:30కు భోజనం ముగించి 9:30 తర్వాత రెండో కాప్సూల్ వేసుకోవచ్చు, అప్పుడు ఉదయం వేళను కూడా దానికి తగ్గట్టు జరపండి. రెండు మోతాదుల మధ్య సుమారు పన్నెండు గంటలు ఉండేలా చూస్తే చాలు, గడియారంతో యుద్ధం అక్కరలేదు. ఉపవాసం రోజున కడుపు ఖాళీగానే ఉంటుంది కాబట్టి మందు మానడానికి అది కారణం కాదు, కానీ నీళ్లు కూడా తాగని ఉపవాసం ఈ మందు వాడేవారికి వద్దు, మలబద్ధకం ముదురుతుంది.

కాప్సూల్‌ను మొత్తంగా మింగాలి, విప్పకూడదు. రోగి మందు ఒప్పుకోకపోతే పెరుగన్నంలోనో పప్పులోనో కలిపి పెట్టడం ఎన్నో ఇళ్లలో జరిగే పనే. విప్పకూడనిదీ, పరగడుపున పడవలసినదీ కావడం వల్ల ఈ మందును అలా ఇవ్వడం కుదరదు. మనిషి రోజుకు రెండుసార్లు తన చేత్తో మందు వేసుకోవడానికి ఒప్పుకోకపోతే, నెలకోసారి, మూడు నెలలకోసారి ఇచ్చే దీర్ఘకాలిక ఇంజెక్షన్ల గురించి డాక్టరుతో మాట్లాడడమే మేలని నా అభిప్రాయం. అవి పాత కోవ మందులే అయినా, తప్పకుండా ఒంట్లో పడుతున్న మందు డబ్బాలో ఉండిపోయిన కొత్త మందు కంటే వెయ్యి రెట్లు నయం.

ఒక పూట మరచిపోతే తర్వాతి వేళకు మామూలుగా వేసుకోవాలి, రెండు కాప్సూళ్లు ఒకేసారి వేసుకోకూడదు. వరుసగా కొన్ని రోజులు తప్పిపోతే మళ్లీ పెద్ద మోతాదుతో మొదలుపెట్టకుండా ముందు డాక్టరుకు ఫోన్ చేయండి.

5. మోతాదు మెట్లు ఎక్కించడం

కాప్సూల్ మీద రెండు అంకెలు ఉంటాయి. మొదటిది జానోమెలిన్, రెండోది ట్రోస్పియం, రెండూ మిల్లీగ్రాములలో. మామూలుగా మొదటి రెండు రోజులైనా 50/20 రోజుకు రెండుసార్లు ఇస్తారు. తర్వాత కనీసం ఐదు రోజుల పాటు 100/20 రోజుకు రెండుసార్లు. ఆ తర్వాత మనిషి తట్టుకుంటున్న తీరు చూసి 125/30కి పెంచవచ్చు, అదే గరిష్ఠం. వృద్ధులకు మెల్లగా పెంచుతారు, వారికి 100/20 దాటనివ్వరు.

"కనీసం" అన్న మాటను గమనించండి. రెండు రోజులు, ఐదు రోజులు అన్నవి దిగువ హద్దులు మాత్రమే, ఆ రోజే తప్పనిసరిగా ఎక్కాలని కాదు. వికారం ఇంకా ఉంటే అదే మెట్టు మీద మరికొన్ని రోజులు ఆగడానికి డాక్టరును అడగండి. తొందరపడి ఎక్కించి, తట్టుకోలేక పూర్తిగా మానేయడం కంటే ఇది ఎంతో మంచిది. కొంతమందికి 100/20 దగ్గరే మందు సరిపోతుంది, అది ఓటమి కాదు.

6. మొదటి రెండు వారాలు ఇంట్లో ఏం చూడాలి

ఇన్నాళ్లూ మీరు చేతుల వణుకు, నడక, బరువు చూడడానికి అలవాటుపడ్డారు. పరీక్షలలో ఆ ఇబ్బందులు ఉత్తుత్తి మందు తీసుకున్నవారితో దాదాపు సమానంగానే కనిపించాయి. ఇప్పుడు మీ చూపు కడుపు, నాడి, మూత్రం, కళ్ల మీదికి మళ్లాలి.

కడుపు: వికారం, అజీర్తి, కడుపులో మంట, వాంతులు, మలబద్ధకం ఎక్కువగా కనిపించే ఇబ్బందులు. కొందరికి విరేచనాలు కూడా అవుతాయి. చాలామందికి ఇవి మొదటి రోజుల్లో వచ్చి క్రమంగా తగ్గుతాయి. వేపుళ్లు, ఊరగాయలు, రాత్రి పొద్దుపోయాక భోజనం ఈ రెండు వారాలు పక్కన పెట్టండి. మలబద్ధకానికి నీళ్లు, ఆకుకూరలు, నడక చాలకపోతే ఇసబ్‌గోల్ వాడవచ్చు, కానీ దాన్ని కాప్సూల్‌కు దూరంగా వేరే వేళలో తీసుకోవాలి. వాంతులకు మందు కావాలంటే డాక్టరునే అడగండి. మెటోక్లోప్రమైడ్ వంటివి డోపమైన్‌ను అడ్డుకునేవి, ఏ వణుకు తప్పించుకోవాలని ఈ దారి పట్టారో దాన్నే తిరిగి తేగలవు.

నాడి: ఈ మందు గుండె వేగాన్ని పెంచుతుంది, కొందరిలో బీపీ కూడా పెరుగుతుంది. రోగిని కుర్చీలో ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టండి. అరచేయి పైకి తిప్పి, బొటనవేలి మొదలుకు కాస్త దిగువన, మణికట్టు మీద మీ మూడు వేళ్లు ఆనించండి. బొటనవేలితో చూడకండి, మీ నాడే మీకు తగులుతుంది. గడియారం చూస్తూ పూర్తి నిమిషం లెక్కపెట్టి రాయండి. మందుకు ముందు మూడు రోజులు, తర్వాత రెండు వారాలు, రోజూ ఒకే వేళకు ఇలా చేయాలి. విశ్రాంతిలో కూడా 100 దాటుతూ ఉంటే, గుండె దడదడలాడుతోందని మనిషి చెబితే, డాక్టరుకు తెలియజేయండి. మెట్లెక్కి వచ్చిన వెంటనే, కాఫీ తాగిన వెంటనే చూసి కంగారు పడడం తరచుగా జరిగే పొరపాటు.

మూత్రం: రెండో మెట్టులో రాసుకున్న మూడు ప్రశ్నలను వారానికి రెండుసార్లు మళ్లీ అడగండి.

మొదటి రోజుల్లో తల తిరగడం, మగత ఉండవచ్చు. మందు తన మీద ఎలా పనిచేస్తోందో తేలే వరకు కారు నడపడం వద్దు.

కింది వాటిలో ఏది కనిపించినా మర్నాటి దాకా ఆగకండి:

- ముఖం, పెదవులు, నాలుక, గొంతు వాచడం, ఊపిరి ఆడకపోవడం. అమెరికాలో 911, తెలుగు రాష్ట్రాల్లో 108కి ఫోన్ చేయండి.
- మూత్రం రావాలని ఉండి, ఒక్క చుక్క కూడా రాకపోవడం.
- కళ్లు, చర్మం పచ్చబడడం, మూత్రం ముదురు రంగుకు మారడం, ఒళ్లంతా దురద.
- కుడివైపు పక్కటెముకల కింద తీవ్రమైన నొప్పి, జ్వరం.
- కంటిలో నొప్పి, ఉన్నట్టుండి చూపు మసకబారడం.
- చనిపోవాలన్న మాటలు. అమెరికాలో 988కి, భారతదేశంలో టెలీ మానస్ 14416కు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు.

7. మందు పనిచేస్తోందో లేదో ఎలా తేల్చుకోవాలి

ముందు ఎంత ఆశించాలో తెలుసుకోండి. డాక్టర్లు పరీక్షలలో పాన్స్ అనే కొలబద్ద వాడతారు. అందులో 30 అంశాలు, ఒక్కొక్కదానికి 1 నుంచి 7 దాకా మార్కులు, మార్కులు ఎంత ఎక్కువైతే జబ్బు అంత ఎక్కువ. ఎమర్జెంట్-2 అనే పరీక్షలో 252 మంది పాల్గొన్నారు. ఐదు వారాల చివర కోబెన్ఫీ తీసుకున్నవారి మార్కులు సగటున 21.2, ఉత్తుత్తి మందు తీసుకున్నవారివి 11.6 తగ్గాయి. ఎమర్జెంట్-3లో ఆ తేడా 8.4. ఇది నిజమైన మేలు. ఇంట్లో దాన్ని అద్భుతంగా కాక, ఒక్కో మెట్టు దిగిన బాధగా చూడవలసి ఉంటుంది. గొంతులు పూర్తిగా ఆగకపోవచ్చు, వాటితో వాదించే సమయం మూడు గంటల నుంచి అరగంటకు తగ్గవచ్చు.

అందుకే నోటుబుక్కులో "బాగున్నాడు", "బాగోలేదు" అని రాయకండి. రోజుకు ఐదు గడులు చాలు: ఎన్ని గంటలు నిద్రపోయారు, స్నానం తనంతట తానే చేశారా, ఇంట్లో ఎవరితోనైనా తనే ముందుగా మాట కలిపారా, తనలో తాను మాట్లాడుకోవడం, అనుమానాలు నిన్నటి కంటే ఎక్కువా తక్కువా, రెండు కాప్సూళ్లూ ఏ వేళకు పడ్డాయి. ఒక నాన్నగారి పుస్తకంలో మూడో వారం ఒక వరుస చూశాను: "సాయంత్రం కిందికి వచ్చి, అమ్మా, చారులో ఉప్పు తక్కువైంది అన్నాడు." ఏడాదిగా గదిలోనే పళ్లెం పెట్టించుకుని తిన్న కుర్రవాడు అతను. డాక్టరుకు ఏ స్కోరు కంటే ఆ వరుస ఎక్కువ చెప్పింది.

తీర్పు చెప్పడానికి తొందరపడకండి. ఆ పరీక్షల కొలత ఐదు వారాలది. పాత మందు కూడా తగ్గుతూ ఉన్నప్పుడు మొదటి వారాల్లో కనిపించే మార్పు ఏ మందుదో చెప్పడం కష్టం. ఐదారు వారాలు వేళ తప్పకుండా, పరగడుపున, తట్టుకోగలిగిన మోతాదులో వాడాకే "పనిచేయలేదు" అనగలం. పుస్తకంలో ఐదో గడి చూసి, మోతాదులు తప్పుతున్నాయా, భోజనంతో పడుతున్నాయా అని ముందు సరిచూడండి. అయితే జబ్బు ముదురుతూ ఉంటే, అంటే రాత్రుళ్లు నిద్ర పట్టకపోవడం, భయం పెరగడం, తిండి మానడం కనిపిస్తే, ఐదు వారాలు ఆగమని కాదు, వెంటనే చెప్పాలి.

8. భారతదేశంలో ఉన్నవారు చేయవలసింది

ఎఫ్‌డీఏ ఆమోదం ఉన్నంత మాత్రాన భారతదేశంలో అమ్మడానికి వీలుండదు, దానికి కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీవో అనుమతి విడిగా కావాలి. వాట్సాప్‌లో "తెప్పించి ఇస్తాం" అనేవారి దగ్గర కొనకండి. డబ్బాలో ఉన్నది ఏమిటో తేల్చుకునే దారి మీకు ఉండదు. రోగి స్వంత వాడకం కోసం చట్టబద్ధంగా దిగుమతి చేసుకోవడానికి ఔషధ నియమాలలో ఫారం 12ఏతో దరఖాస్తు చేసి ఫారం 12బీ అనుమతి పొందే పద్ధతి ఉంది. దానికి మీ డాక్టరు చీటీ ఉండాలి. ఆ డాక్టరు చికిత్సను స్వయంగా చూసుకోవడానికి సిద్ధంగా ఉంటేనే అటు వెళ్లండి. అమెరికాలోని మేనల్లుడు పంపిన సీసాతో, స్థానికంగా ఎవరూ కాలేయ పరీక్ష చూడని స్థితిలో, ఈ మందు మొదలుపెట్టడం చాలా ప్రమాదం.

అందుబాటులో ఉన్న మందులతో ఇంకా చేయగలిగింది ఎంతో ఉంటుంది. వణుకు ఇబ్బంది పెడుతుంటే మోతాదు తగ్గించడమో మందు మార్చడమో అడగండి. ఒళ్లు పెరుగుతుంటే అరిపిప్రజోల్ వంటివి ఉన్నాయి. మాత్రలు మానేస్తుంటే దీర్ఘకాలిక ఇంజెక్షన్లు ఉన్నాయి. రెండు మందులు సరైన మోతాదులో, సరిపడా కాలం వాడినా లొంగకపోతే క్లోజపైన్ ఉంది. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిలోనూ, విశాఖపట్నం ప్రభుత్వ మానసిక ఆసుపత్రిలోనూ ఈ మాటలు అడగవచ్చు.

చివరగా, అమెరికాలో కోబెన్ఫీ మొదలుపెట్టి ఇండియాకు వచ్చేవారికి. మందును అసలు సీసాలోనే, చీటీ నకలుతో, చేతి సంచిలో పెట్టుకోండి. విమానంలో భోజనం వేళలు మీ చేతిలో ఉండవు కాబట్టి, కాప్సూల్ వేసుకున్న గంట లోపు ట్రే వస్తే పక్కన పెట్టి తర్వాత తినండి. నెలకు సరిపడా మందుతో వచ్చి, పెళ్లి పనులతో ఉండడం పొడిగించి, సీసా అడుగున మూడు కాప్సూళ్లు మిగిలినప్పుడు నాకు ఫోన్ చేసినవారు ఉన్నారు. టికెట్ కొన్న రోజునే సైకియాట్రిస్టుకు తిరుగు ప్రయాణం తేదీ చెప్పి, అదనంగా కనీసం రెండు వారాల మందు ఇమ్మని అడగండి. బీమా దానికి కూడా అనుమతి అడుగుతుంది, అది రావడానికి కొన్ని రోజులు పడుతుంది.